ఏకాంబరం గారు చూసిన నేల

అనగనగా అనేంత పాత సంగతేమీ కాదు. ఒక పెద్ద అడవిలో ఈమధ్యనే జరిగింది. ఆ అడవి నడిమధ్యన ఏరు, ఏటి ఒడ్డున పళ్ళచెట్లు, చెట్ల కింద చల్లటి నీడ ఉన్నాయి. అందుకే అక్కడ సొంత బొరియ కొనాలంటే మామూలు జంతువులకు తాహతు చాలేది కాదు. దుప్పులు, నెమళ్ళు లాంటి కలిగినవాళ్ళు కొనుక్కున్నారు. మిగతావాళ్ళు అద్దెకుంటూ, పొద్దున్నే కొన్నవాళ్ళ గుమ్మాల ముందునుంచి నడిచిపోతూ, "ఇంత గుమ్మం ఎందుకో వీళ్ళకి" అని గొణుక్కునేవారు.

అలా గొణిగేవాళ్ళలో ఏకాంబరం ఒకడు. అతను ఏదుపంది. ఒంటినిండా ముళ్ళు, బుర్రనిండా అనుమానాలు. అడవి సభ వారి ధాన్యపు కొట్టులో తూకం చూసే ఉద్యోగం చేసేవాడు. చిలగడదుంప ఒక్కటి కొనాలన్నా మూడుసార్లు వాసన చూసి, నాలుగోసారి పక్కవాడి చేత వాసన చూపించి, ఇంటికెళ్ళి ఆలోచించుకుని వస్తానని వెళ్ళిపోయేవాడు. ఏకాంబరం కొన్న దుంప పుచ్చిపోయిందని ఎవరూ ఎప్పుడూ వినలేదు. అడవిలో అతని పరువంతా అదే.

అతని భార్య తులశమ్మకు నెలలు నిండుతున్నాయి. వాళ్ళు పందికొక్కు పాపయ్య గారి బొరియలో, వెనక వాటాలో అద్దెకుండేవారు. వేసవి మధ్యలో ఒకరోజు పాపయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తొలకరి పడేలోగా ఖాళీ చేయాలండీ. మా మేనల్లుడు కాపురానికొస్తున్నాడు."

"మీకు మేనల్లుళ్ళు ఎంతమందండీ?" అంది తులశమ్మ. "నిరుడు పక్క వాటా వాళ్ళని పంపించేసినప్పుడు కూడా మేనల్లుడే వచ్చాడన్నారు."

"వాడు వేరమ్మా" అని పాపయ్య మీసాలు సవరించుకుని వెళ్ళిపోయాడు.

తులశమ్మ భర్త వైపు తిరిగింది. "ఏవండీ, ఇక ఈ అద్దె కొంపలు నావల్ల కాదు. నిరుడు వానకి ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే మూడు రోజులు నిలబడే కునుకు తీశాం. మనిద్దరం కాబట్టి సరిపోయింది. రేపు పసిపిల్లలుంటారు. నాకు పెద్ద గుమ్మం వద్దు, పూలపందిరి వద్దు. పిల్లలు పుట్టేసరికి తడి లేని చోటు ఒక్కటి చూపించండి. అది మనదై ఉండాలి."

ఏకాంబరానికి కళ్ళు చెమర్చాయి. "చూపిస్తాను" అని మాటిచ్చాడు. మాటివ్వడం అతనికి అలవాటు లేని పని. ఆలోచించి చెబుతానని అనడమే అలవాటు. అందుకని తులశమ్మ కూడా కాస్త ఆశ్చర్యపోయింది.

మర్నాడే ఏకాంబరం ఒక టేకాకు తీసుకుని, తన ముల్లొకటి పీకి, ప్రశ్నలు గీసుకున్నాడు. నేల ఎలాంటిది, నీళ్ళకి ఎంత దూరం నడవాలి, గాలి మళ్ళితే ఏ వాసన వస్తుంది, చిరుతపులి ఎటువైపు షికారు వెళుతుంది, గుమ్మం తూర్పుకి పెట్టుకోవచ్చా, మిట్టమధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతుంది, పక్కింటివాళ్ళు దేనికి పోట్లాడుకుంటారు, ఇలా మొత్తం ఇరవై ఏడు. ప్రతి పేటకీ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సంతరోజు ఒకసారి వెళ్ళి చూడాలని నియమం కూడా పెట్టుకున్నాడు.

తులశమ్మ ఆ ఆకు చూసి నవ్వింది. "పెళ్ళిచూపులప్పుడు మా నాన్నని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు మీరు."

"అప్పుడు ఆకు దొరకలేదు" అన్నాడు ఏకాంబరం. అతను నిజమే చెప్పాడు.

నడి అడవిలో కొనలేనివాళ్ళంతా చూసే శివార్లు మూడున్నాయి. గన్నేరుదిబ్బ, ఈతలబయలు, రేగుమిట్ట. రేగుమిట్ట వాలు దిగితే తామరగుంట. ఏకాంబరం ముందు గన్నేరుదిబ్బకి వెళ్ళాడు. నేల తవ్వి నాలుక మీద వేసుకుని చూశాడు. వాగుకి అడుగులు లెక్కపెట్టాడు. అక్కడ సొంతిల్లున్న కుందేలుని అడిగితే "స్వర్గమండీ బాబూ" అంది. అద్దెకున్న కుందేలుని అడిగితే అటూ ఇటూ చూసి, "మీరు ఎవరికీ చెప్పనంటే చెబుతాను" అని మొదలుపెట్టి సాయంత్రం దాకా చెప్పింది. ఏకాంబరం ఇద్దరి మాటలూ రాసుకుని, చెరిసగం నమ్మాడు. పన్నెండు రోజులు తిరిగాక ఇరవై ఏడింటికి ఇరవై రెండు మార్కులొచ్చాయి. బాగానే ఉందనుకుని ఇంటికి వెళ్ళాడు. ఆలోచించుకోవడానికి రెండు రోజులు, మంచిరోజు కోసం ఇంకో రెండు రోజులు ఆగాడు.

గురువారం పొద్దున్నే స్థలం ధర కట్టడానికి దుంపల మూట భుజానేసుకుని వెళితే గన్నేరుదిబ్బలో కాలు పెట్టే సందు లేదు. ఎవరి బొరియ వాళ్ళు తవ్వుకుంటున్నారు. మధ్యలో బండ మీద నక్క జంబులింగం తోక విసురుకుంటూ కూర్చున్నాడు. అడవిలో ఏ స్థలం ఎవరి చేతికి మారినా మధ్యలో ఉండి వాటా పుచ్చుకునేది ఈ జంబులింగమే.

"రండి గురువుగారూ" అన్నాడు నక్క. "ఆలస్యమైపోయింది. నిన్న మధ్యాహ్నానికే అన్నీ అయిపోయాయి."

"నాలుగేళ్ళుగా ఖాళీగా ఉన్న దిబ్బ. నాలుగు రోజుల్లో ఎలా అయిపోయింది?"

"నేనేం అబద్ధమాడలేదండీ. ఏకాంబరం గారు పన్నెండు రోజులు చూశారని నలుగురికి చెప్పాను. ఇంకెవరూ ఇంకేం అడగలేదు. తమరు మూడుసార్లు మన్ను నాకారని చెబితే అడవిపిల్లి అయితే స్థలం చూడకుండానే కొనేసింది."

ఏకాంబరం మూట ఎత్తుకుని వెనక్కి వచ్చాడు. లోపల కోపం ఉన్నా, పేరు అంతదూరం పాకిందని కొంచెం గర్వం కూడా లేకపోలేదు. అది తులశమ్మ కనిపెట్టింది.

రెండోసారి ఈతలబయలుకి దొంగచాటుగా బయల్దేరాడు. నెత్తిన మోదుగాకు కప్పుకుని, పొదలమాటున నడిచాడు. కానీ ఏదుపంది ఎంత మెల్లగా నడిచినా ముళ్ళు గలగలమంటాయి. ఆ చప్పుడు విని జంబులింగం ఇరవై అడుగుల వెనకే నడిచాడు. ఈసారి ఏకాంబరం ఎనిమిది రోజుల్లోనే తేల్చుకుని, మంచిరోజు కూడా చూడకుండా మూట తెచ్చాడు. అప్పటికే ఈతలబయలు నిండిపోయింది. ఇతను ఎక్కడ తలూపితే అక్కడ కొలిచిన పుల్లలు పాతేసి ఉన్నాయి. ఇతను మొహం చిట్లించిన చోట్లు మాత్రం మిగిలాయి. వాటిని కొనడానికి ఇతనికే మనసొప్పలేదు.

వేసవి ముదిరింది. చీమలు గుడ్లు మోసుకుని ఎత్తుకి పోతున్నాయి. పాపయ్య మేనల్లుడు తాటాకు పట్టుకొచ్చి, వీళ్ళు లోపల ఉండగానే గది కొలిచి వెళ్ళాడు. తులశమ్మ నడుము పట్టుకుని కూర్చుంది.

"మిగిలింది రేగుమిట్టే కదా. వెళ్ళి కొనేయండి" అంది.

రేగుమిట్ట ఎర్రమట్టి నేల. కొద్దిగా వాలు ఉంటుంది కాబట్టి పడ్డ చుక్క పడ్డట్టే జారిపోతుంది. ఏకాంబరానికి అది దూరంనుంచి తెలిసిన చోటే. కానీ వెళ్ళి పరీక్ష చేస్తే మర్నాటికి ఉండదు. పరీక్ష చేయకుండా కొందామంటే చేతులు రావు. ఆ రోజంతా వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. పొద్దుగూకే వేళకి ఒక ఉపాయం తట్టింది. జీవితంలో మొదటిసారి తట్టిన ఉపాయం కావడంతో దాన్ని పరీక్షించి చూసుకోవాలని కూడా తోచలేదు.

"నేను రేపట్నుంచి తామరగుంటకి వెళతాను" అన్నాడు.

"అది చెరువు కదండీ."

"చెరువే. ఇప్పుడు ఎండిపోయి ఉంది. అడవంతా నా వెనకే అక్కడికొస్తుంది. ఆ సందులో నువ్వు ఆకు పట్టుకుని రేగుమిట్ట చూసిరా."

తులశమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. "అందరూ అక్కడ కొనేస్తే? వానొస్తే వాళ్ళ పిల్లలో?"

"వానకి ముందు నేనే చెప్పేస్తాను. ఎవరూ మునగరు. మనకి చోటు దొరికేదాకా అంతే."

తామరగుంట నిజంగానే చూడముచ్చటగా ఉంది. బల్లపరుపుగా నల్లటి నేల, ఒక్క రాయి లేదు, ఒక్క ముల్లు లేదు. ఎండిన తామర కాడలు అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. ఏకాంబరం పొద్దున్నే వెళ్ళి గుంట మధ్యలో కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. మన్ను తీసి వాసన చూసి తలూపేవాడు. నాలుగు అడుగులు వేసి ఆగి, వెనక్కి చూసి, మళ్ళీ తలూపేవాడు. మొదటి రోజు గట్టు మీద ఇద్దరున్నారు. ఐదో రోజుకి గట్టు మీద నిలబడే చోటు లేదు. పదో రోజుకి ఒక ఉడుత అక్కడే రేగుపళ్ళ అంగడి పెట్టింది.

జంబులింగం మాత్రం కొంత ఇబ్బందిపడ్డాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "గురువుగారూ, నేను అమ్మని స్థలం లేదు. కానీ దీన్ని అమ్మడానికి నాకే నోరు రాలేదు. ఇందులో ఏం చూశారు మీరు?"

ఏకాంబరం అబద్ధమాడే రకం కాదు. అది తనమీద తనకున్న పెద్ద నమ్మకం. అందుకని ప్రతి మాటా తూచి చెప్పాడు.

"ఇంత చదునైన నేల నేనెక్కడా చూడలేదు."

"నిజమేనండీ."

"నీళ్ళకి కొరతన్నది ఉండదు."

"అవునవును."

"ఒక్కసారి ఇక్కడ చేరితే బయటికి పోవడం కష్టం."

ఆ మాటకి జంబులింగం కళ్ళు మెరిశాయి. మర్నాటికి గుంట మొదట్లో రెండు వెదురుబొంగులు పాతి, పైన మామిడాకుల కమాను కట్టించాడు. తామరగుంట అన్న పేరు పోయి తామర విహార్ అయింది. ఏనుగు మీద ఎక్కించి తీసుకెళ్ళి, స్థలం చూపించి, ఇప్పపూల భోజనం పెట్టి మళ్ళీ ఇంటిదగ్గర దింపేవాడు. భోజనం కోసం వచ్చినవాళ్ళు కూడా మొహమాటానికి ఒక చిన్న స్థలం తీసుకునేవారు. అన్నిటికన్నా మంచి మూల జంబులింగం తనకే అట్టేపెట్టుకున్నాడు. అంతమందికి చెప్పి చెప్పి అతనికే నమ్మకం కుదిరిపోయింది.

చూడ్డానికొచ్చిన వాళ్ళలో అడవి సభ కార్యదర్శి కొంగ వీరభద్రం గారు కూడా ఉన్నారు. అడవిలోని చెరువుల చిట్టా ఆయన దగ్గరే ఉంటుంది. ఆయన ఒంటికాలి మీద నిలబడి నేల మీద నత్తగుల్లల్ని కాసేపు పరకాయించి చూశారు.

"జంబులింగం, నిరుడు నేనిక్కడ కొరమీను పట్టినట్టు గుర్తు."

"కార్యదర్శి గారూ, చేప పట్టడానికి తమరు ఈ చోటుని ఎంతసేపు చూసుంటారు?"

"ఒక అరగంట."

"ఏకాంబరం గారు ఇరవై రోజుల్నించి చూస్తున్నారు."

కొంగ గారు రెండో కాలు కూడా కిందపెట్టి ఆలోచించారు. అరగంటకీ ఇరవై రోజులకీ తేడా ఆయనకి తెలుసు. వెంటనే అల్లుడి పేర రెండు స్థలాలు రాయించారు. అది విని సభాధ్యక్షుడు ఏనుగు భూపాలం గారు తన బావమరిది కోసం ఒక వరుస మొత్తం తీసుకున్నారు. అందరూ తూర్పు గుమ్మమే కావాలన్నారు కాబట్టి, తామర విహార్‌లో ప్రతి ఇంటి గుమ్మమూ ఎదురింటి వెనక గోడలోకి తెరుచుకునేది. దానికి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఈలోగా తులశమ్మ ఒక పూట రేగుమిట్టకి వెళ్ళి మధ్యాహ్నానికే తిరిగొచ్చింది.

"పొడిగా ఉంది. బాగుంది" అంది.

"ఇరవై ఏడూ అడిగావా?"

"అడగడానికి అక్కడెవరున్నారండీ? ఒక్క ఇల్లు లేదు. నేల మీద పడుకుని చూశాను. లేచాక వీపు తడవలేదు. నాకంతే కావాలి."

ఏకాంబరం ఆ రాత్రంతా గింజుకుని, తెల్లారి లేచి, చూడకుండానే కొన్నాడు. జంబులింగం తామర విహార్ హడావిడిలో ఉండి మధ్యలో ఎవరూ లేకపోవడంతో ఎవరికీ వాటా కూడా ఇవ్వనక్కర్లేకపోయింది. వారంలో బొరియ తవ్వాడు. లోపల ఎండుగడ్డి పరిచాడు. గుమ్మం తూర్పుకే పెట్టాడు. చేరిన మూడో రోజున తులశమ్మకి కవల పిల్లలు పుట్టారు. మెత్తటి ముళ్ళతో, మూసిన కళ్ళతో, ఎండుగడ్డిలో దొర్లుతున్న ఆ పిల్లల్ని చూసి ఏకాంబరం సంతోషం పట్టలేకపోయాడు. ఈ అడవిలో తనకన్నా తెలివైనవాడు లేడని గట్టిగా అనుకున్నాడు. ఒకటి రెండుసార్లు పైకే అన్నాడు.

పదిరోజుల తర్వాత పడమటి కొండ మీద మబ్బు కనిపించింది. తులశమ్మ పిల్లల్ని దగ్గరికి తీసుకుంది గానీ మొహంలో కళ లేదు.

"అక్కడ కూడా పసివాళ్ళున్నారండీ. మనల్ని ఖాళీ చేయించిన పాపయ్య గారి మేనల్లుడు కూడా ఆఖరికి అక్కడే కొనుక్కున్నాడు, అతని పెళ్ళాం మొన్ననే ప్రసవించిందట. నాకు భయంగా ఉంది. నా పిల్లలు పొడిగా పడుకున్నారని సంతోషపడలేకపోతున్నాను. మీరు చెబుతానన్నారు. ఇంకెప్పుడు చెబుతారు?"

ఏకాంబరం తల దించుకుని తామర విహార్‌కి బయల్దేరాడు. కమాను దగ్గర నిలబడి అందర్నీ పిలిచాడు. "ఇక్కడ ఉండకండి. వాన వస్తే నీళ్ళొస్తాయి" అన్నాడు.

జనం ఒకరి చెవులొకరు కొరుక్కున్నారు. గన్నేరుదిబ్బ చాలక ఇక్కడ కూడా కొన్న అడవిపిల్లి ముందుకొచ్చింది. "తమరికి స్థలం దొరకలేదు కాబట్టి మమ్మల్ని బెదరగొట్టి, చౌకగా మూల బిట్టు కొట్టేద్దామనా?"

"ఇరవై రోజులు చూసిన పెద్దమనిషి చూడగానే చెప్పొచ్చుగా" అన్నాడు పాపయ్య మేనల్లుడు.

"నాకు చూడకముందే తెలుసు" అన్నాడు ఏకాంబరం. "నాకు వేరేచోట స్థలం మిగలాలని మిమ్మల్ని ఇటు తిప్పాను. తప్పు చేశాను. ఇది చెరువు. కార్యదర్శి గారి చిట్టా తెరిచి చూడండి."

అందరూ కొంగ గారి వైపు తిరిగారు. ఆయన చిట్టా తెరిచి, ముక్కుతో ఆకులు తిప్పి, ఒకచోట ఆగారు. "చెరువే" అన్నారు. "కొరమీను సంగతి నేను ముందే అన్నాను." ఆ మాటకి తామర విహార్‌లో ఏడుపులు మొదలయ్యాయి. జంబులింగం పారిపోదామని లేచి, తన స్థలం కూడా అక్కడే ఉందని గుర్తొచ్చి మళ్ళీ కూలబడ్డాడు.

ఏకాంబరం చెప్పాల్సింది చెప్పి, గుండెల మీద బరువు దించుకుని ఇంటికెళ్ళిపోయాడు. ఆ తర్వాత అక్కడ జరిగిన సభ సంగతి అతనికి తెలియదు. నాకు తెలుసు కాబట్టి చెబుతాను.

ఏనుగు భూపాలం గారు రాయి మీద కూర్చుని అడిగారు. "ఇక్కడ ఎన్ని కుటుంబాలున్నాయి?"

"రెండు వందలండీ" అన్నారు కొంగ గారు.

"మా బావమరిదిని కలుపుకునా?"

"కలుపుకునే."

"ఇంతమంది కష్టపడి ఇళ్ళు కట్టుకున్న చోటికి నీళ్ళు రావడమేమిటి? ఇది చాలా అన్యాయం. వాగు ఎప్పట్నుంచి ఇటొస్తోంది?"

"మా తాతగారి కాలం నుంచి వస్తోందండీ."

"అప్పట్నుంచీ తప్పుదారినే వస్తోందన్నమాట. వంపు దగ్గర తెగ్గొట్టి జనం లేని వైపుకి మళ్ళించండి. నీళ్ళు మళ్ళీ ఇటు రాకుండా మధ్యలో కట్ట వేయండి."

"జనం లేని వైపంటే రేగుమిట్టండీ. అక్కడ ఒక్క ఇల్లుంది."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

భూపాలం గారు చెవులు ఊపారు. ఒక్క ఇల్లంటే జనం లేనట్టేనని సభలో అందరూ ఒప్పుకున్నారు. తీర్మానం మీద ఆఖరికి పాపయ్య కూడా సంతకం చేశాడు. ఆయనకి అక్కడ స్థలం లేకపోయినా మేనల్లుడున్నాడు.

రెండు వందల కుటుంబాలు పారలు పట్టుకుని దిగాయి. ఏకాంబరం తన గుమ్మంలో నిలబడి ఆ దుమ్ము చూసి మురిసిపోయాడు. "చూశావా తులశమ్మా, మాట విన్నారు. ఏదో జాగ్రత్త పడుతున్నారు" అన్నాడు.

రెండో రోజు జంబులింగమే స్వయంగా వచ్చి దణ్ణం పెట్టాడు. "గురువుగారూ, చిన్న కట్ట వేసుకుంటున్నాం. ఏ మన్ను గట్టిదో తమరైతే చెప్పగలరు."

ఏకాంబరం పొంగిపోయాడు. చేసిన తప్పుకి ఇలాగైనా ప్రాయశ్చిత్తం దొరికిందనుకున్నాడు. కట్ట ఎవరికి అడ్డుగా వేస్తున్నారో అడగాలని అతనికి తోచలేదు. అతని ఆకులో అలాంటి ప్రశ్న లేదు. మూడు రోజులు తిరిగి, ఏడు రకాల మన్ను నాకి చూసి, రేగుమిట్ట ఎర్రమట్టికి సాటి లేదని తేల్చాడు. తన వాకిట్లోంచే తవ్వుకోమన్నాడు. ఎంత తడిపి ఎంత తొక్కాలో దగ్గరుండి చూపించాడు. అంత గట్టి కట్ట ఆ అడవిలో అంతకుముందు లేదు, తర్వాతా లేదు.

కట్ట పూర్తయిన ఐదో రోజున వాన పడింది.

వాగు వంపు దాకా వచ్చి, కొత్త దారి చూసుకుని రేగుమిట్టకి తిరిగింది. వాలుగా జారి పోవాల్సిన నీరు కట్టకి కొట్టుకుని వెనక్కి వచ్చింది. కట్ట పిసరంత కదల్లేదు. మధ్యాహ్నానికి ఎండుగడ్డి తేలింది. తులశమ్మ ఒక పిల్లని నోట కరుచుకుని, ఇంకో పిల్లని ఏకాంబరానికి అందించి, మిట్ట పైన రేగుచెట్టు మొదట్లోకి ఎక్కింది. నలుగురూ రెండు రోజులు అక్కడే నిలబడ్డారు. పిల్లలు వణికితే తులశమ్మ ఏడ్చింది. భర్తని మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఏకాంబరం అనుకున్నాడు.

వాన వెలిసేసరికి రేగుమిట్ట నిండు చెరువైంది. గాలికి అలలు కూడా లేస్తున్నాయి. అటు తామర విహార్‌లో ముగ్గులు వేసుకుంటున్నారు.

మూడో రోజు సభవారి కాకి వచ్చి, రేగుచెట్టు కొమ్మ మీద వాలి, ఏకాంబరం చేతిలో ఒక ఆకు పెట్టింది. చెరువు గర్భంలో అక్రమంగా ఇల్లు కట్టుకున్నందుకు వారంలోగా తొలగించాలని అందులో ఉంది.

ఏకాంబరం ఆ తాఖీదు పట్టుకుని, తన ఇరవై ఏడు ప్రశ్నల ఆకు కూడా పట్టుకుని సభ కార్యాలయానికి పరిగెత్తాడు. కొంగ వీరభద్రం గారు చిట్టా ముందేసుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు.

"అయ్యా, రేగుమిట్ట ఎప్పుడండీ చెరువైంది?"

"కూర్చోండి ఏకాంబరం గారూ. మా చిట్టాలో ఒక చెరువుంది, అది నేల మీద లేదు. నేల మీద ఒక చెరువుంది, అది మా చిట్టాలో లేదు. ఇలా ఉంటే పైవాళ్ళు వచ్చి చూసినప్పుడు నా ఉద్యోగం ఏం కాను? అందుకని చెరువుని అటు రాశాను, ఊరిని ఇటు రాశాను. ఇప్పుడు రెండూ సరిపోయాయి."

"నీళ్ళు మీరే మళ్ళించారు కదండీ."

"మళ్ళించింది రెండు వందల కుటుంబాల ప్రాణాలు కాపాడ్డానికి. కట్టకి మన్ను ఎంచి ఇచ్చింది తమరే. సభ తరఫున కృతజ్ఞతలు కూడా రాసిపెట్టాం." కొంగ గారు ఆ పేజీ తిప్పి చూపించారు.

ఏకాంబరం చేతులు జోడించాడు. "అయ్యా, పసిపిల్లలున్నారు. నేను తెలియక కొన్నాను. నిజంగా ఆ నేలని నేను చూడనైనా లేదు."

కొంగ గారు జాలిగా నవ్వారు. కార్యాలయంలో ఉన్న వాళ్ళంతా కూడా నవ్వారు.

"తెలియక కొన్నానని అడవిపిల్లి చెబితే నమ్ముతాను. మా అల్లుడు చెబితే నమ్ముతాను. ఏకాంబరం గారు నేల చూడకుండా కొన్నారంటే, ఈ అడవిలో ఎవరు నమ్ముతారండీ? మీరు అన్నీ చూసుకునే చెరువులో కట్టారు. అందుకే జరిమానా కూడా రెట్టింపు వేయాల్సి వచ్చింది."

తన పరువే తనకి ఎదురు సాక్ష్యం చెప్పింది. చేతిలో ఉన్న టేకాకుని అక్కడే బల్ల మీద వదిలేసి బయటికొచ్చాడు. దాన్ని కాకి చదివి, బాగుందని దాచుకుంది.

ఇంటికి వచ్చేసరికి, అంటే రేగుచెట్టు దగ్గరికి వచ్చేసరికి, తులశమ్మ పిల్లల్ని ఎత్తుకుని సిద్ధంగా ఉంది. తామర విహార్‌లో జంబులింగం మూల ఇంట్లో ఒక వాటా ఖాళీగా ఉందట. తనే వెళ్ళి మాట్లాడి వచ్చింది. జంబులింగం అద్దె కాస్త తగ్గించాడు కూడా. ఏకాంబరం గారు ఇక్కడ కాపురముంటున్నారని చెబితే చుట్టుపక్కల ఇంకో వంద స్థలాలు పోతాయన్నది అతని లెక్క. ఈమధ్య అతను రేగుమిట్ట గట్టు మీద చెరువు కనిపించే స్థలాలు కూడా అమ్ముతున్నాడు.

ఆ రోజు మళ్ళీ వాన పడింది. పాత చెరువు నడిమధ్యలో, నక్క ఇంటి వెనక వాటాలో, కవల పిల్లలు కాళ్ళు చాపుకుని పడుకున్నారు. తులశమ్మ వాళ్ళ కింద చెయ్యి పెట్టి చూసింది. నేల పొడిగా ఉంది. ఆమె నిట్టూర్చి పక్కనే పడుకుంది. ఏకాంబరం మాత్రం గుమ్మంలో కూర్చుని ఎదురింటి వెనక గోడని చూస్తూ ఉండిపోయాడు.

ఇందులో నీతి ఏమైనా ఉందంటే ఇంతే: ఇల్లు కొనేముందు నీళ్ళు ఎటు పారతాయో చూడనక్కర్లేదు, పెద్దల అల్లుళ్ళూ బావమరుదులూ ఎక్కడ కొన్నారో చూసుకుంటే చాలు, నీళ్ళు కూడా అదే చూసుకుని పారతాయి.